‘సంబంధిత ధ్రువపత్రాలన్నీ జతచేయవలెను’ అంటే ఏవి జతచేయాలి?

ప్రశ్న: నేను వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. 2013లో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నమోదై 2019లో పట్టా అందుకున్నాను. తెలంగాణ సెట్‌లో అర్హత సాధించాను కానీ నెట్ లేదు (సెట్ రాష్ట్రస్థాయి, నెట్ జాతీయస్థాయి అధ్యాపక అర్హత పరీక్ష). ఆరేళ్లుగా ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. కర్ణాటకలోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అందులో ‘విద్యార్హతలు, అనుభవం, ప్రచురణలకు సంబంధించిన ధ్రువపత్రాలన్నీ జతచేయాలి’, ‘పీహెచ్‌డీ యూజీసీ నిబంధనలకు అనుగుణంగా ఉన్నట్లు రుజువు చూపాలి’, ‘వర్తించేవారు ప్రాపర్ ఛానెల్ ద్వారా పంపాలి’ అని మాత్రమే ఉంది. కిందటిసారి ఇలాంటి ప్రకటనకే నూట నలభై పేజీలు పంపితే, అనర్హుల జాబితాలో నా పేరు ఎదురుగా ‘అవసరమైన ధ్రువపత్రం లేదు’ అని వచ్చింది. ఏ ధ్రువపత్రమో రాయలేదు. ఇంకో ప్రైవేటు విశ్వవిద్యాలయమేమో ‘టీచింగ్ స్టేట్‌మెంట్, బోధనా సామర్థ్యానికి ఆధారాలు’ అడిగింది. వీటిని ఎలా అర్థం చేసుకోవాలి?
ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: నూట నలభై పేజీలు జిరాక్సు తీయించి, ఒక్కొక్క పేజీ మీద సంతకం చేసి పంపిన మనిషికి ‘ధ్రువపత్రం లేదు’ అన్న ఒక్క మాటే జవాబుగా రావడం ఎంత బాధాకరమో నాకు తెలుసు. దరఖాస్తుల పరిశీలన సంఘాల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబితే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

అక్కడ మీ దరఖాస్తును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు ఎవరూ ఉండరు. పరిశీలకుడి ముందు గళ్లు గీసిన ఒక కాగితం ఉంటుంది. అర్హత ఉందా లేదా అన్న గడి మొదటిది, ఆ తర్వాతివన్నీ మార్కుల గడులు. 2018 జులై 18న వెలువడిన యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల అనుబంధం 2లో పట్టిక 3ఎ అని ఒకటి ఉంది. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చేది అదే. డిగ్రీకి గరిష్ఠంగా 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, జేఆర్‌ఎఫ్‌తో (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌తో) నెట్ ఉంటే 7, నెట్ మాత్రమే ఉంటే 5, సెట్‌కు 3, పరిశోధన పత్రాలకు 10, బోధన లేదా పోస్ట్ డాక్టోరల్ అనుభవానికి 10, అవార్డులకు 3, వెరసి నూరు. ప్రకటన రాసిన అధికారి మనసులో ఉన్నది ఈ పట్టికే. అందరికీ తెలిసిందే కదా అనుకుని ఆయన ‘సంబంధిత ధ్రువపత్రాలన్నీ’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మీరు ఆ పట్టికను ముద్రించుకుని ప్రకటన పక్కన పెట్టుకోండి. ఒక్కొక్క గడిలో అంకె వేయడానికి పరిశీలకుడికి ఏ కాగితం కావాలో ఆలోచిస్తే, ‘అన్నీ’ అంటే ఎన్నో తేలిపోతుంది. ఏ గడికీ పనికిరాని సెమినార్ హాజరు పత్రాలు, ప్రశంసా పత్రాలు, శిక్షణ తరగతుల సర్టిఫికెట్లు మీ కట్టను లావు చేస్తాయే కానీ మార్కు తేవు. పైగా అసలు కాగితం వాటి మధ్య కనబడకుండా పోయే ప్రమాదం ఉంది. 2025 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనల ముసాయిదా విడుదల చేసింది కనుక, మీ ప్రకటన ఏ సంవత్సరపు నిబంధనలను పేర్కొందో ముందుగా చూసుకోండి. దాన్నిబట్టే పట్టిక.

ఇక మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది పీహెచ్‌డీ రుజువు. కిందటిసారి మీ దరఖాస్తు బహుశా ఇక్కడే ఆగి ఉంటుందని నా అనుమానం. ఎందుకంటే, 2002 జూన్ 1 తర్వాత సాధించిన సెట్ అర్హత అది సాధించిన రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకూ కళాశాలలకే చెల్లుతుంది. కర్ణాటకలోని పోస్టుకు మీ తెలంగాణ సెట్ అర్హతగా నిలవదు. నెట్ లేదు కాబట్టి, మీ అర్హత మొత్తం పీహెచ్‌డీ మీదే ఆధారపడి ఉంది. యూజీసీ 2009 లేదా 2016 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పట్టా పొందినవారికి నెట్ మినహాయింపు ఉంది. అయితే మీ పట్టా ఏ నిబంధనల కింద వచ్చిందో ఆ పట్టా మీదే రాసి ఉండకపోతే పరిశీలకుడికి తెలిసే దారి లేదు. మీరు పట్టా నకలు, మెమోలు, సిద్ధాంత వ్యాసం ముఖపత్రం అన్నీ జతచేసినా, ‘2009 నిబంధనల ప్రకారం ప్రదానమైంది’ అనే ఒక్క వాక్యం ఎక్కడా లేకపోతే ఆయన మొదటి గడిలోనే ‘లేదు’ అని రాస్తారు.

కాబట్టి మీకు కావలసింది మీకు పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం జారీచేసే ప్రత్యేక ధ్రువపత్రం. దానిమీద మీ గైడ్ సంతకమో, విభాగాధిపతి సంతకమో సరిపోదు. రిజిస్ట్రార్ గానీ అకడమిక్ వ్యవహారాల డీన్ గానీ సంతకం చేయాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. గైడ్ అభిమానంతో తన లెటర్‌హెడ్ మీద చక్కగా రాసిచ్చిన లేఖను జతచేసి నిశ్చింతగా ఉంటారు. ‘సంబంధిత అధికారి’ అని ప్రకటనలో అస్పష్టంగా ఉన్నా, ఈ విషయంలో ఆ మాటకు అర్థం రిజిస్ట్రార్ కార్యాలయమే అనుకోండి. ‘ఐదు షరతుల సర్టిఫికెట్’ అన్న మాట మీరు వినే ఉంటారు, దాని సంగతి కూడా చెప్పాలి. రెగ్యులర్ పద్ధతిలో పీహెచ్‌డీ చేయడం, కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు మూల్యాంకనం చేయడం, బహిరంగ వైవా (మౌఖిక పరీక్ష) జరగడం, పరిశోధన నుంచి ప్రచురించిన రెండు పత్రాల్లో ఒకటైనా రిఫరీడ్ పత్రికలో (నిపుణులు పరిశీలించాకే పత్రాలు వేసే పత్రికలో) ఉండడం, సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించడం అన్న ఆ షరతులు 2009 జులై 11కు ముందు నమోదైనవారి కోసం పెట్టినవి. మీరు 2013లో నమోదయ్యారు కాబట్టి, 2009 నిబంధనల ప్రకారం పట్టా ప్రదానమైందన్న ధ్రువీకరణే మీకు ప్రధానం. అయినా కొన్ని విశ్వవిద్యాలయాలు అభ్యర్థులందరికీ ఒకే నమూనా ఇచ్చి అందులో ఆ ఐదూ నింపమంటాయి. దరఖాస్తు చివర అలాంటి నమూనా ఏదైనా ఉందేమో అనుబంధాలన్నీ తిరగేసి చూడండి. ఉంటే, మీ విశ్వవిద్యాలయం తన సొంత నమూనాలో ఇచ్చే పత్రంతో పాటు ఆ నమూనా మీద కూడా సంతకం అడగండి.

రెండోది అనుభవ ధ్రువపత్రం. కళాశాలలు సాధారణంగా ఇచ్చే లేఖ ఇలా ఉంటుంది: ‘ఈమె మా కళాశాలలో 2019 నుంచి వృక్షశాస్త్ర అధ్యాపకురాలిగా పనిచేస్తున్నారు. ఈమె నడవడిక సంతృప్తికరం. ఈమెకు అంతా శుభం కలగాలని కోరుకుంటున్నాము.’ చదవడానికి బాగానే ఉంది కానీ ఈ లేఖతో మార్కు వేయడం కష్టం. పట్టిక ప్రకారం ఏడాది అనుభవానికి 2 మార్కులు. ఏడాది కన్నా తక్కువైతే ఆ మేరకు తగ్గించి లెక్కిస్తారు. ‘2019 నుంచి’ అంటే జనవరా, డిసెంబరా? రోజు, నెల, సంవత్సరం లేకపోతే పరిశీలకుడు తక్కువ లెక్కనైనా వేసుకోవాలి, లేదా ఆ గడి ఖాళీగానైనా వదలాలి. ఫలానా తేదీన చేరారు, ఫలానా తేదీ వరకు లేదా నేటి వరకు పనిచేస్తున్నారు అన్న రెండు తేదీలూ పూర్తిగా ఉండాలి. హోదా పేరు, ఆ నియామకం రెగ్యులరా, కాంట్రాక్టా, పార్ట్ టైమా అన్నది, పూర్తికాలమైతే ఆ మాట, వారానికి ఎన్ని గంటలు, ఏ తరగతులకు ఏ పేపర్లు చెప్పారు, నెల జీతం ఎంత అన్నవి కూడా రాయించండి. కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో ఆ పేరు, జారీచేసిన తేదీ, లేఖ సంఖ్య, ప్రిన్సిపాల్ సంతకం కింద ముద్ర కనబడాలి.

జీతం ఎందుకు రాయాలని మీరు మొహమాటపడవచ్చు. దానికి కారణం ఉంది. తాత్కాలిక, కాంట్రాక్టు సర్వీసును పరిగణించే విషయంలో అదే 2018 నిబంధనలు కొన్ని షరతులు పెట్టాయి. ఆ పోస్టుకు కావలసిన కనీస అర్హతలు అప్పటికే ఉండాలి, సక్రమంగా ఏర్పడిన ఎంపిక సంఘం సిఫార్సుతో నియామకం జరగాలి, రెగ్యులర్ ఉద్యోగి మొత్తం నెల జీతానికి తగ్గకుండా వేతనం అందాలి. ‘అనుభవానికి రుజువు’ అని ప్రకటన ముక్తసరిగా అన్నప్పుడు కొన్నిచోట్ల నియామక పత్రం, జీతం చీటీలు, ఫారం 16 కూడా చూసేది ఈ షరతుల కోసమే. మన ప్రైవేటు కళాశాలల్లో ఇచ్చే జీతాలు చాలాచోట్ల ఆ కొలతకు అందవన్నది అందరికీ తెలిసిన విషయం, అందుకు మీరు సిగ్గుపడవలసిన పని లేదు. ఉన్నది ఉన్నట్టు రాయించండి. ఎంత అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది సంఘం నిర్ణయిస్తుంది. జీతం ఎక్కువ వేసి రాయించుకుంటే, ఇంటర్వ్యూలో బ్యాంకు పాసుపుస్తకం అడిగినప్పుడు అనుభవం పోవడమే కాదు, మనిషి మీద నమ్మకం కూడా పోతుంది. 2020లో లాక్‌డౌన్ నెలల్లో చాలా కళాశాలలు జీతాలు ఆపేశాయి. మీకూ అలా జరిగి ఉంటే, ఆ కాలంలో మీరు ఉద్యోగంలో కొనసాగుతున్నట్టు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పినట్టు లేఖలో ఒక వాక్యం చేర్చమనండి. అది లేకపోతే జీతం చీటీల్లోని ఖాళీని సర్వీసులో ఖాళీగా భావిస్తారు.

ప్రచురణల రుజువు అంటే పత్రం మొత్తం ముద్రించి పంపడం కాదు, ప్రకటనలో అలా అడిగితే తప్ప. పేజీకి 2 మార్కులు ఎవరూ ఇవ్వరు, పత్రానికి 2 మార్కులు ఇస్తారు. గరిష్ఠం 10 కాబట్టి, బలమైన ఐదు పత్రాలతో ఆ గడి నిండిపోతుంది. ఒక్కో పత్రానికి మొదటి పేజీ, అందులో మీ పేరు, పత్రిక పేరు, సంపుటి, సంవత్సరం, ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య (పత్రిక గుర్తింపు సంఖ్య) కనబడేలా ఉంటే చాలు. కొన్ని పత్రికల మొదటి పేజీలో ఇవన్నీ ఉండవు, అప్పుడు విషయసూచిక పేజీ కలపండి. అది పీర్ రివ్యూడ్ పత్రిక అనడానికి ఆ పత్రిక వెబ్‌సైటులో సమీక్షా విధానం వివరించిన పేజీని ముద్రించి జతచేయండి. ఇదివరకు యూజీసీ గుర్తించిన పత్రికల ‘కేర్’ జాబితాలో ఉందని చూపితే సరిపోయేది. ఆ జాబితాను నిలిపివేసినట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అందువల్ల పత్రం అచ్చయిన నాటికి ఆ పత్రిక జాబితాలో ఉన్నట్టు మీ దగ్గర ముద్రిత ప్రతి ఉంటే భద్రపరచుకోండి, ఇప్పుడు వెతికితే దొరక్కపోవచ్చు. ‘అంగీకరించాము’ అన్న సంపాదకుల లేఖ మాత్రమే ఉన్న పత్రాలను విడిగా ఆ మాట చెప్పి చూపండి. వాటిని అచ్చయినవాటితో కలిపి లెక్క పెంచవద్దు.

పేరు విషయంలో మన తెలుగువారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. పాన్ కార్డులో అదే ఇంటిపేరు విస్తరించి చివరకు చేరుతుంది. పెళ్లి తర్వాత ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పరిశోధన పత్రాల్లో ఇంకొకటి ఉండవచ్చు. మనకు ఇవన్నీ ఒకే మనిషివని చూడగానే తెలుస్తుంది. కర్ణాటకలోనో ఒడిశాలోనో కూర్చున్న పరిశీలకుడికి తెలియదు. ఈ పేర్లన్నీ నావేనని స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన అఫిడవిట్ ఒకటి కట్ట ముందు భాగంలోనే పెట్టండి. ప్రకటన దాన్ని అడగలేదన్నది నిజమే, కానీ అడగకపోయినా పంపవలసిన కొద్ది కాగితాల్లో ఇది ఒకటి.

మీరు బీసీ వర్గానికి చెందినవారో కాదో లేఖలో రాయలేదు. ఒకవేళ అయితే, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీసీ-ఎ, బి, సి, డి, ఇ ధ్రువపత్రం కేంద్రీయ విశ్వవిద్యాలయానికి పనికిరాదు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉన్నదీ లేనిదీ చూసుకుని, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరన్న) ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. పెళ్లయిన మహిళలు చాలామంది భర్త ఆదాయం చూసి తాము క్రీమీలేయర్‌లోకి వస్తామనుకుని దరఖాస్తే మానుకుంటారు. క్రీమీలేయర్‌ను తేల్చేది తల్లిదండ్రుల స్థితిని బట్టే కానీ మీ జీతాన్నో మీ భర్త జీతాన్నో బట్టి కాదు. ‘చెల్లుబాటులో ఉన్న’ ధ్రువపత్రం అని ప్రకటనలో ఉంటే, జారీ తేదీ ఏ ఆర్థిక సంవత్సరంలోకి రావాలో వెతకండి. అది ఎక్కడా లేకపోతే ఈ ఏప్రిల్ 1 తర్వాత జారీ అయిన పత్రం ఉంటే మంచిది.

‘ప్రాపర్ ఛానెల్’ సంగతి క్లుప్తంగా చెబుతాను. పనిచేస్తున్న సంస్థ ద్వారా దరఖాస్తు పంపడమే ఆ మాటకు అర్థం. అది సాధారణంగా ప్రభుత్వ, ప్రభుత్వరంగ, స్వయంప్రతిపత్తి సంస్థల్లో పనిచేసేవారికి ఉద్దేశించినది. మీ ప్రకటనలో ఆ సంస్థల పేర్లు చెప్పి ఉంటే మీ కళాశాలకు అది వర్తించదు, కానీ ఆ గడిని ఖాళీగా వదలకుండా ‘వర్తించదు, ప్రైవేటు అన్‌ఎయిడెడ్ కళాశాల ఉద్యోగిని’ అని కారణంతో సహా రాయండి. ‘ఉద్యోగంలో ఉన్నవారందరూ’ అని ఉంటే మాత్రం దరఖాస్తు ముందస్తు ప్రతిని నేరుగా పంపి, ఎన్‌వోసీని (యాజమాన్యం ఇచ్చే నిరభ్యంతర పత్రాన్ని) ఇంటర్వ్యూ నాటికి సమర్పిస్తానని రాతపూర్వకంగా చెప్పండి. దీన్ని చాలాచోట్ల అంగీకరిస్తారు. కానీ అంగీకరిస్తారో లేదో ఆ విశ్వవిద్యాలయాన్ని అడిగి తెలుసుకోవడం మేలు. యాజమాన్యానికి ముందే తెలిస్తే ఇబ్బంది అవుతుందన్న భయం మీకు ఉండవచ్చు, అది నాకు అర్థమవుతుంది.

ప్రైవేటు విశ్వవిద్యాలయం అడిగిన టీచింగ్ స్టేట్‌మెంట్ పూర్తిగా వేరే రకం కాగితం. అక్కడ గళ్ల కాగితంతో కూర్చున్న పరిశీలకుడు ఉండడు, విభాగంలోని ఆచార్యులే చదువుతారు. వాళ్లు తేల్చుకోవాలనుకునేది ఒక్కటే, ఈవిడ రేపు మా విద్యార్థుల ముందు నిలబడితే తరగతి ఎలా ఉంటుంది అని. ‘విద్యార్థి కేంద్రిత బోధన మీద నాకు అచంచల విశ్వాసం’ అన్న వాక్యం వాళ్లకు ఏమీ చెప్పదు. దానికి బదులు, ఉల్లి వేరు కొనలో కణవిభజన చూపించే ప్రాక్టికల్ సంగతి రాయండి. నలభై మందికి నాలుగే మైక్రోస్కోపులు ఉన్న ల్యాబులో మీరు ఆ తరగతిని ఎలా నడిపారు, స్లైడు తీయడంలో పిల్లలు ఎక్కడ తడబడతారు, తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థికి ‘మెటాఫేజ్’ అన్న మాటను ఎలా చెబుతారు, ఒక ఏడాది మీరు అనుకున్న పద్ధతి పనిచేయకపోతే మరుసటి ఏడాది ఏం మార్చారు అన్నవి ఒకటి రెండు పేజీల్లో రాస్తే అదే టీచింగ్ స్టేట్‌మెంట్. ‘ఆధారాలు’ అంటే విద్యార్థుల అభిప్రాయ పత్రాలు, మీరు తయారుచేసిన ప్రాక్టికల్ మాన్యువల్‌లోని రెండు పేజీలు, మీరు రూపొందించిన ప్రశ్నపత్రం, మీ తరగతి చూసిన సీనియర్ అధ్యాపకుల లేఖ. ఉత్తీర్ణతా శాతం ఒక్కటే పంపవద్దు, అది కళాశాల గురించి చెబుతుంది కానీ మీ బోధన గురించి చెప్పదు. అక్కడ ‘ముగ్గురు రిఫరీలు’ (మీ పని గురించి చెప్పగలవారు) అని ఉంటే, ఆ చోట లేఖలు కూడా అడిగారా, పేర్లు, ఈమెయిలు చిరునామాలు మాత్రమే అడిగారా అన్నది జాగ్రత్తగా చూడండి. పేర్లే అడిగితే లేఖలు పంపకండి. కానీ ఆ ముగ్గురికీ ముందే చెప్పి ఉంచండి.

ఇంత చేశాక కూడా ఒకటో రెండో అస్పష్టంగా మిగులుతాయి. వాటిని అడగడానికి జంకవద్దు. అయితే ‘ఏయే పత్రాలు జతచేయాలి?’ అని అడిగితే ‘ప్రకటన చూడండి’ అనే జవాబే వస్తుంది. అవును, కాదు అన్న రెండు మాటల్లో జవాబు చెప్పగలిగేలా అడగాలి. మీరు ఆంగ్లంలో రాసే ఈమెయిలు సారాంశం ఇలా ఉండాలి: ‘ప్రకటన సంఖ్య ఫలానా, పోస్టు కోడ్ ఫలానా, తొమ్మిదో అంశం. నా పీహెచ్‌డీ 2009 నిబంధనల కింద ప్రదానమైనట్టు మా రిజిస్ట్రార్ తమ సొంత నమూనాలో ధ్రువపత్రం ఇచ్చారు. అది సరిపోతుందా, మీ నమూనాలోనే కావాలా?’ ఒక ఈమెయిలులో ఒకే ప్రశ్న ఉండాలి, చివరి తేదీకి కనీసం రెండు వారాల ముందు పంపాలి. ఫోన్లో చెప్పిన జవాబు మీద ఆధారపడకండి, ఎందుకంటే రేపు జాబితాలో పేరు లేనప్పుడు ఆ ఫోన్ మాట ఎక్కడా ఉండదు. ఈమెయిలు జవాబు వస్తే ముద్రించి సంబంధిత పత్రం వెనకే పెట్టండి. జవాబు రాకపోతే మీరు పంపిన ఈమెయిలు ప్రతిని పెట్టి, రెండు అర్థాల్లో ఎక్కువ కాగితాలు కోరే అర్థాన్ని పాటించండి. ఈలోగా వెబ్‌సైటులో సవరణ ప్రకటన ఏమైనా పెట్టారేమో వారానికోసారి చూస్తుండండి.

కట్ట మొదటి పేజీలో ఒక సూచిక పెట్టండి. పట్టికలోని గడుల వరుసలోనే పత్రాల పేర్లు, వాటి ఎదురుగా పేజీ సంఖ్యలు రాయండి. ‘పీహెచ్‌డీ 2009 నిబంధనల ధ్రువీకరణ, రిజిస్ట్రార్, పేజీ 11’ అని కనబడితే పరిశీలకుడు నేరుగా ఆ పేజీ తిప్పుతాడు. పేజీ సంఖ్యలు చేత్తో వేసినా పరవాలేదు. ఆన్‌లైన్‌లో అయితే ప్రతి ఫైలు పేరులోనే ఆ పత్రం పేరు ఉండాలి, ‘స్కాన్ 004’ అని కాదు. ముద్రించిన దరఖాస్తు కూడా పంపమన్నారంటే, వాళ్లు చెప్పిన తేదీ పోస్టు చేయాల్సిన తేదీనా, వాళ్లకు చేరాల్సిన తేదీనా అన్నది చూసుకుని స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి.

వీటన్నిటిలో ఎక్కువ రోజులు పట్టేది రిజిస్ట్రార్ సంతకం. అర్జీ, రుసుము, విభాగం నుంచి ధ్రువీకరణ, ఫైలు కదలిక కలిపి వారాలు పట్టవచ్చు. కాబట్టి మిగతా కాగితాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, రేపు ఉదయమే పట్టా నకలు, నమోదు ఉత్తర్వు, వైవా జరిగిన తేదీ తెలిపే పత్రం తీసుకుని మీ విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి వెళ్లి అర్జీ పెట్టండి. చివరి తేదీ రాసి ఉన్న ప్రకటన మొదటి పేజీని అర్జీకి జతచేయండి.